విప్పి కట్టిన రంపానికి వైద్యం

చిత్తూరు జిల్లాలో తోతాపురి కోతలు ముగిశాక మామిడి తోటల్లో కొమ్మల కత్తిరింపు మొదలవుతుంది. పెట్రోలు రంపాలకు అప్పుడు చేతినిండా పని. వాటిని బాగుచేసే మెకానిక్‌కూ అంతే. పిస్టన్, రింగులు కొత్తవి వేసి కట్టిన ఇంజిన్ సరిగా నడవకపోతేనే అతని పనితనం బయటపడుతుంది.

మంచి మెకానిక్ ముందుగా కార్బ్యురేటర్ స్క్రూల జోలికి పోడు. తేలికైనవి మొదట చూస్తాడు: ప్లగ్, ఫిల్టర్లు, ట్యాంకు గాలి రంధ్రం, తాజా పెట్రోలు. చాలా రంపాలకు లీటరుకు 20 మి.లీ. టూస్ట్రోక్ ఆయిల్ కలపాలి.

ఆక్సిలరేటర్ వదిలినా వేగం వెంటనే దిగకపోయినా, రంపాన్ని పక్కకు వంచితే ఐడ్లింగ్ మారినా గాలి లీకును అనుమానించాలి. దొంగగాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది. దాంతోపాటే అందాల్సిన ఆయిలూ తగ్గి కొత్త పిస్టన్‌పై గీతలు పడతాయి. అందుకే మెకానిక్ ఇంజిన్ ద్వారాలు మూసి, లోపలికి కొద్దిగా గాలి కొట్టి, క్రాంక్ సీళ్ల దగ్గర, సిలిండర్ అడుగు గ్యాస్కెట్ చుట్టూ సబ్బునీళ్లు పూస్తాడు. బుడగ లేచినచోటే లోపం.

లీకు లేదని తేలాకే ట్యూనింగ్. మొదట తక్కువ వేగం స్క్రూ, తర్వాత ఐడ్లింగ్, చివరికి ఎక్కువ వేగం స్క్రూ. పూర్తి వేగంలో ఖాళీగా తిరిగేటప్పుడు శబ్దం కాస్త బొంగురుగా ఉండి, దుంగలో దిగగానే తేటపడితే మిశ్రమం కుదిరినట్టే. ఆ తేడా పట్టే చెవి అనుభవంతోనే వస్తుంది.