చట్టాన్ని పేటకు తెచ్చినవాళ్లు

కె.గంగవరం మండలంలోని కోటిపల్లి రేవు దాటి, ముక్తేశ్వరం మీదుగా అమలాపురం చేరి, కాట్రేనికోన వైపు వెళ్తే కందికుప్ప. మానవ హక్కుల న్యాయశాస్త్రం అనగానే జెనీవా వైపు చూసే మన పండితులకు ఈ ఊరు ఆనదు. 1939లో హక్కుల న్యాయవాది బొజ్జా తారకం పుట్టిందిక్కడే. తండ్రి అప్పలస్వామి అంబేడ్కర్ బాటలో నడిచిన నాయకుడు. వంశచరిత్ర అలా ఉంచి పనితనం చూద్దాం.

హక్కుల లాయరు పని కోర్టులో మొదలవదు, ఘటన జరిగిన ఊళ్లో మొదలవుతుంది. దాన్నే నిజనిర్ధారణ అంటారు. బాధితులు, ఎదుటి పక్షం, పోలీసులు చెప్పింది విడివిడిగా రాసుకోవాలి. ఎఫ్ఐఆర్‌ని పంచనామాతో, పంచనామాని పోస్టుమార్టం రిపోర్టుతో సరిచూడాలి. అబద్ధం ఆ మూడింటి మధ్యే దొరుకుతుంది. ఈ విద్యలో హక్కుల న్యాయవాది బాలగోపాల్‌కి సాటి లేరు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన మనిషి. ప్రభుత్వ హింసతో పాటు నక్సలైట్ల హింసనూ నిలదీసిన నిఖార్సయిన మనిషి కూడా.

రెండో మెళకువ, సెక్షన్ పుట్టుక తవ్వడం. ఎవరిని అణచడానికి రాశారిది? 1861 పోలీసు చట్టం సిపాయిల తిరుగుబాటు భయంలోంచి వచ్చింది. 1871 నేరస్థ తెగల చట్టం పసిబిడ్డకు పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్లపై భార్గవ కమిషన్ ముందు వాదించిన పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్, రాజ్యం ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్న ఆ పాత అహంకారం మీదే పోరాడారు. ఆయన కూతురు కల్పన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వివక్షను తిరస్కరించే సూత్రం నుంచి రాజ్యాంగాన్ని చదివి, 2012లో 'టూల్స్ ఆఫ్ జస్టిస్' వెలువరించారు.

మూడోది తారకం సొత్తు: తెలిసిన చట్టాన్ని పేటకు చేర్చడం. 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం అందుకే రాశారు. 1985లో కారంచేడులో దళితులను నరికితే హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారు. సిద్ధాంతం కోసం కుర్చీ దిగిన ప్రొఫెసరు ఒక్కరిని చూపించండి!

ఇప్పుడు వలస వదిలించుకోవడం పేరిట నకిలీ సరుకు రాజ్యమేలుతోంది. వలస చట్టాలకు చెల్లుచీటీ అంటూ 2024 జులై 1న భారతీయ న్యాయ సంహితను అమల్లోకి తెచ్చారు. రాజద్రోహం సెక్షన్ పోయిందని చప్పట్లు కొట్టినవాళ్లు ఆ సంహితలోని 152వ సెక్షన్ చదివారా? తెల్లవాడి 124ఎ కింద యావజ్జీవం కాకుంటే గరిష్ఠంగా మూడేళ్లు. మనవాళ్లు దాన్ని ఏడేళ్లు చేశారు. 1861 చట్టంలోని 30వ సెక్షన్ చూపించే 2023 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం జీవో 1తో రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. ఆ మేలో హైకోర్టు కొట్టేసింది కాబట్టి సరిపోయింది. దీన్నా వలస వదిలించుకోవడం అంటాం?

జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న తగలబడిన అమలాపురం మనది. ఇక్కడి లా విద్యార్థులకు ఒకటే విన్నపం. తారకం చేతిపుస్తకం నాటి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. సెమినార్ పత్రాలు తర్వాత రాసుకోవచ్చు; ముందు కొత్త సంహితలు దగ్గర పెట్టుకుని, అరెస్టయిన కూలీకి అర్థమయ్యేలా ఆ పుస్తకాన్ని మళ్లీ రాయండి.