పులిగడ్డ గుంజ

‘సిమన్స్ అయిపోయింది మాస్టారూ, ఇప్పుడేం చదవమంటారు?’

మొన్న గుడివాడ స్టేషన్లో బందరు బండి ఎక్కుతుంటే ఒక కుర్రాడు పట్టుకున్నాడు. పగలు మందుల షాపులో పని, రాత్రి టోపాలజీ. ఎమ్మెస్సీ చదవలేదు. 1963 నాటి ఆ సిమన్స్ పుస్తకం పాతపుస్తకాల కొట్లో దొరికిందట.

ఆ వయసులో నేను ఒకేసారి నాలుగు పుస్తకాలు తెచ్చుకుని, నాలుగింట్లోనూ మొదటి అధ్యాయమే చదివాను. అన్నిట్లో అవే ఓపెన్ సెట్లు, అవే క్లోజ్డ్ సెట్లు. వచ్చిందే చదువుతుంటే హాయిగా ఉంటుంది, అడుగు మాత్రం ముందుకు పడదు.

అందుకే మంక్రెస్ పుస్తకం రెండో సగం పట్టుకోమన్నాను. ఫండమెంటల్ గ్రూపు అక్కడుంది. దివిసీమ వాళ్లకు అదేమంత కొత్త కాదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. అక్కడొక గుంజకు తాడు కొస కట్టి, రెండో కొస పట్టుకుని పడవలో ఒక పాయ దిగి, సముద్రం చుట్టి, రెండో పాయలో ఎదురెక్కి మళ్లీ గుంజ దగ్గరకు రండి. తాడు నీళ్లు దాటి గట్టెక్కకూడదని షరతు. ఇప్పుడు లాగండి. దివిసీమను వాటేసుకుంటుందే తప్ప చేతికి రాదు. రెండు చుట్లయితే రెండు, ఎదురు చుట్టయితే మైనస్ ఒకటి. గ్రూపంతా పూర్ణ సంఖ్యలే. (చిన్న లంకల్ని లెక్కలోకి తేకండి, ముదురుతుంది.)

హాచర్ పుస్తకాన్ని రచయితే ఉచితంగా ఇస్తున్నాడు గానీ, బొమ్మ చూపించి ముందుకెళ్లిపోతాడు. మధ్య మెట్లు మనమే కట్టుకోవాలి. ఒంటరిగా చదివేవాడికి అది తర్వాత.

పెడనలో బండి ఆగినప్పుడు నాకిష్టమైన పేరు చెప్పాను: కొమరవోలు చంద్రశేఖరన్. 1920లో బందరులోనే పుట్టారు. 1949లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరి గణిత విభాగాన్ని నిలబెట్టి, 1965లో జ్యూరిక్ వెళ్లారు. టోపలాజికల్ గ్రూపుల మీద ఆయన పుస్తకం 1996లో వచ్చింది. కుర్రాడు పేరే వినలేదు. బందరు లడ్డూకున్న పేరు ఆయనకెక్కడిది!

రుచికి ఒక్క మెతుకు పెట్టాను. టోపలాజికల్ గ్రూపులో ఓపెన్ సబ్‌గ్రూపు ఏదైనా క్లోజ్డ్ కూడా. నా టిక్కెట్టు వెనక నాలుగు గళ్లు గీశాను. ఒక గడి సబ్‌గ్రూపు, మిగతావి దాన్ని జరిపితే వచ్చిన కోసెట్లు. ఎందుకు క్లోజ్డో నువ్వే చెప్పు బాబూ అన్నాను.

చిలకలపూడి దాకా నోరు విప్పలేదు. బండి ఆగుతుంటే లేచి, ‘జరిపినవీ ఓపెనే కదండీ. అవన్నీ కలిసినా ఓపెనే. మిగిలిన గడి క్లోజ్డ్ కాక చస్తుందా?’ అంటూ నా టిక్కెట్టు జేబులో పెట్టుకుని దిగిపోయాడు.