ఇంకొకరికి పంపలేని వాక్యం

తెలుగులో కథ పంపడానికి ఏజెంటు అక్కర్లేదు. పత్రిక అడ్రసు, హామీపత్రం, తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు ఉంటే సరిపోయేది. హామీపత్రంలో ఏం రాయాలో బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు కథలు రాసినవాళ్లందరికీ కంఠతా వచ్చు: ఇది నా సొంతం, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు, ఇంకే పత్రిక పరిశీలనలోనూ లేదు. సంపాదకుడికి రాసినట్టుండదది, పోలీసు స్టేషన్లో ఇచ్చే వాంగ్మూలంలా ఉంటుంది. పైన "గౌరవనీయులైన సంపాదకులు గారికి" అని ఒక్కసారి రాసుకుంటే ఎన్ని పత్రికలకైనా అదే.

తెలిసినవాళ్లు మాత్రం మరోలా చేసేవారు. ముందు పత్రిక చదివేవారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు మన తెనాలివాడే. చందమామకి పంపే కథ ఎంత తేటగా, ఎంత సూటిగా ఉండాలో ఆ సంచికలు తిరగేస్తే తెలిసిపోయేది. ఫలానా పత్రికనే ఎందుకు ఎంచుకున్నారో కథను చూస్తేనే అర్థమయ్యేది. లేఖలో విడిగా చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా అన్నయ్య కూతురు ఇంగ్లీషులో నవల రాసింది. కర్లపాలెం ఇసుక నేలలు, వేరుశనగ చేలు, వరి పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చి అప్పులపాలైన ఒక తండ్రి. న్యూయార్క్, లండన్ ఏజెంట్లకి పంపుతానని లేఖ తెచ్చి చూపించింది. అక్కడ పెద్ద ప్రచురణకర్తలు చాలామంది ఏజెంటు ద్వారా వచ్చిందే చూస్తారు. ఏజెంటు రచయిత తరఫున బేరమాడి, రాబడిలో మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులైతే 20 శాతం దాకా తీసుకుంటాడు. ఆయన్ని కదిలించాల్సింది ఒక్క పేజీ లేఖ. ఆర్.కె. నారాయణ్‌కైతే ఆక్స్‌ఫర్డ్‌లో స్నేహితుడున్నాడు, ఆ స్నేహితుడు రాతప్రతిని గ్రేహం గ్రీన్ చేతిలో పెట్టాడు, 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్' అచ్చయింది. కర్లపాలెం నుంచి పంపేవాళ్లకి ఆ పేజీయే దిక్కు.

అమ్మాయి లేఖ మొదట్లో ఏజెంటు అభిరుచి గొప్పదని, ఆయన పేరు వినని రచయిత లేడని ఉంది.

"ఇది ఎవరికైనా పంపొచ్చు కదమ్మా," అన్నాను.

"పేరు మార్చాగా బాబాయ్!"

పొగడ్త వేరు, ఎదుటి మనిషిని ఎరిగి రాయడం వేరు. మన పాత కవులకి ఈ తేడా బాగా తెలుసు. కృతిపతిని పొగడటం కావ్యానికి ఆచారం. ఆ పద్యాల్లో చాలావాటిని ఒక రాజు మీది నుంచి తీసి ఇంకో రాజుకి తొడిగినా ఎవరికీ అనుమానం రాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే సుగంధద్రవ్యాల వర్తకుడికి అంకితమిస్తూ చేసిన పని చూడండి. ఆ ఇంటివాళ్లు ఏ రేవు నుంచి ఏ సరుకు తెప్పిస్తారో వరసపెట్టి చెప్పాడు. సింహళం ఏనుగులు, హురుముజి గుర్రాలు, భోట దేశపు కస్తూరి, చీనా పట్టు. ఆ ఇంటి సుగంధద్రవ్యాలు కర్పూర వసంతరాయడని పేరుపడ్డ కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల దాకా వెళ్లాయి. ఆ పద్యాన్ని పేరు మార్చి ఏ సామంతుడికీ ఇవ్వలేం. సెట్టిగారి కొట్టు ఖాతా పుస్తకం తిరగేసి రాసినట్టుంటుంది. (పొగడ్త కూడా దండిగానే ఉందనుకోండి, శ్రీనాథుడు కదా.)

ఏజెంటు ఖాతా పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అమ్మాయి అడిగింది. నవలల చివర కృతజ్ఞతల పేజీలో దొరుకుతుంది. రచయితలు చాలామంది తమ ఏజెంటు పేరు అక్కడ చెబుతారు. నచ్చిన నవలల్లో ఆ పేజీ చూసి పేర్లు రాసుకోవాలి. ఆ ఏజెంటు చేతిమీదుగా వచ్చిన పుస్తకాల్లో కనీసం ఒక్కటైనా చదవాలి. చదివాక, అందులో ఏది తన నవలకి దగ్గరో ఒక వాక్యంలో చెప్పాలి. ఇక మొదటి పది పేజీలు అడిగేవాళ్లకి పది, మూడు అధ్యాయాలు అడిగేవాళ్లకి మూడు. అడిగింది అడిగినట్టు పంపడం కూడా ఎదుటివాణ్ణి ఎరిగి రాయడంలో భాగమే. చాలామంది తప్పేది కూడా అక్కడే.

లేఖలో నేను ఒప్పుకోని చోటు ఇంకొకటుంది. చివర తన గురించి రాసుకున్న పేరాలో పల్లెటూరు, కష్టాలు, ఇసుక దిబ్బలు కాస్త ఎక్కువే పోసింది. తెనాలి హోటళ్లలో పనిచేస్తూ, తమిళం ఇంటిభాష అయినా తెలుగు నేర్చుకుని కథలూ నవలలూ రాసిన శారద 1955లో ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే పోయాడు. ఈ రోజుల్లో అయితే ఆయన బతుకు ఒక్కటే లేఖకి సరిపోయేదంటారు. నాకలా అనిపించదు. నాకు ఆయన 'మంచీ చెడూ' నవల కావాలి, దాని వెనక హోటల్ సర్వర్ కాదు. పేరాలో రెండు వాక్యాలుంచి మిగతాది కొట్టేయమన్నాను. ఒకటి ఉంచింది, నామీద కోపంతో కాబోలు.

జాబితాలో కొందరి గురించి ఎంత వెతికినా చెప్పడానికేమీ దొరకలేదు. వాళ్లకేం రాయాలని అడిగింది. ఏమీ రాయొద్దన్నాను. లేని చనువు కనబరిస్తే మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. "పేరు సరిగ్గా రాసి, నేరుగా రొయ్యల చెరువు దగ్గర మొదలుపెట్టు," అన్నాను. మిగిలినవాళ్ల పుస్తకాలు తెప్పించి చదువుతోంది, ఇంకా ఎవరికీ పంపలేదు.