సినిమా పాట – పెద్దల బెంగ

సినిమా పాటలు యువతను చెడగొడుతున్నాయన్న ఫిర్యాదు కొత్తది కాదు. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ దృష్టిలో సినిమా పాట అసభ్యం, పాశ్చాత్య అనుకరణ. శాస్త్రీయ సంగీతంతో జనం అభిరుచిని సంస్కరించాలని ఆయన సంకల్పం. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. జనం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. ఆ ఏడాది చివర అక్కడ మొదలైన బినాకా గీత్‌మాలా దేశమంతటా మారుమోగింది. సిలోన్ తెలుగు పాటల కోసం మనవాళ్లూ చెవి కోసుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధ భారతిని ప్రారంభించి, వెళ్లగొట్టిన పాటను తిరిగి పిలుచుకుంది.

నాటి ఆ పాటలే నేడు ‘పాత బంగారం’. వాటిని వింటూ పెరిగినవారే ఇప్పుడు కొత్త పాటను చూసి బెంబేలెత్తుతున్నారు. అభిరుచిని శాసించే అధికారం చేజారిపోతున్నదన్న బెంగే ఇక్కడ నీతి వేషం వేసుకుంటున్నది.

అలాగని జనం మెచ్చిందల్లా మంచిదేననడం వ్యాపారి వాదన. స్త్రీని సరుకుగా చూపే పాట ఏ తరానిదైనా ఖండించవలసిందే. పాట ఎవరి పక్షాన నిలిచిందో నిషేధం అడగదు, విమర్శ అడగాలి.