పసిపిల్లకు నడుమెక్కడిది?

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 35 సెంటీమీటర్లు. ఛాతీ అంతకంటే రెండు సెంటీమీటర్లు తక్కువ. ఏడాది నిండేసరికి రెండూ సమానమవుతాయి, ఆ తర్వాత ఛాతీదే పైచేయి. పసిబట్టలు కుట్టే పనిలో సగం విద్య ఈ చిన్న లెక్కలోనే ఉంది. పెద్దవాళ్ల అంగీని కొలతలు తగ్గించి కుడితే పిల్లల అంగీ కాదు, తల దగ్గరే ఆగిపోతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో అవ్వలు టేపు పట్టకుండానే ఈ లెక్క తెలిసినవాళ్లు. జుబ్బాకు ముందు చీలిక ఎందుకని అడిగితే "మెడ నిలువని పసిదానికి తలకాయ మీదికెల్లి తొడుగుతరా బిడ్డా!" అంటారు. అంతకుమించిన వివరణ నేను కుట్టుపని పుస్తకాల్లో కూడా చూడలేదు.

ఈ మూడు ఊళ్లూ పాత నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్టన పత్తి, ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలదాకా ఎక్కే ఎండ. పిల్లల బట్ట సంగతి మాట్లాడేటప్పుడు ఈ ఎండను పక్కన పెట్టి మాట్లాడటం కుదరదు.

ఇరవై ఒకటో రోజున పురుడు చేసి, బిడ్డను తొట్టెలలో వేసేదాకా కొత్తబట్ట తొడగని ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. బాగా బతికిన పెద్దమనిషి పంచెనో, తాతమ్మ చీరనో చింపి మొదటి బట్టగా వేస్తారు. ఆ ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. నమ్మకం మాట అటుంచి, ఆ పాత చీరను చేత్తో ముట్టుకుని చూడండి. ఎన్నో ఉతుకుల్లో గంజి పోయింది, వదలాల్సిన రంగు వదిలింది, ముడుచుకోవాల్సినంత ముడుచుకుంది, పోగు మెత్తబడింది. పసిబిడ్డ చర్మం మనదానికంటే పలచన. దానికి ఇంతకంటే నప్పే బట్ట దుకాణంలో దొరకదు. కొత్త కాటన్‌తో కుట్టాలనుకుంటే కనీసం ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి ఆరేశాకే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుక్కే చేతులు పొట్టివైపోతాయి.

2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చాక సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లికి బిడ్డ బట్టలు కూడా సంచిలో పెట్టి ఇచ్చారు. మంచి పనే. కాకపోతే పసిబిడ్డ పూటకు ఎన్నిసార్లు తడుపుతుందో ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు. సంచిలో వచ్చిన జతలు ఒక్క రోజుకే చాలేవి కావు. ఇంట్లో కుట్టే జుబ్బాలు, లంగోటీల అవసరం కిట్‌తో తీరేది కాదు.

ఒక జుబ్బా కత్తిరించి చూద్దాం. ముందు చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకోవాలి. పోగు పలచబడిన చోట్లు తెలిసిపోతాయి. కాళ్లకు రాసుకునే అంచు, రోజూ కుచ్చిళ్లు పోసే భాగం ముందు పాడవుతాయి. నడుముకు చుట్టే మొదటి చుట్టు చాలాకాలం గట్టిగా ఉంటుంది. అక్కడ 22 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పున ముక్క తీసుకుని పొడవు వైపు సగానికి మడవాలి. ఆ మడతే భుజం. మళ్లీ నిలువుగా మడిస్తే నాలుగు పొరలవుతుంది. మడతలు కలిసిన మూలన మెడకు వంపు తీయాలి, వెనక తక్కువ, ముందు కాస్త ఎక్కువ. నిలువు మడత నుంచి నాలుగున్నర అంగుళాలు ఒంటికి, భుజం మడత నుంచి కిందికి నాలుగంగుళాలు చేతికి వదిలి, ఆ రెండూ కలిసేచోట గుండ్రంగా తిప్పి కత్తిరిస్తే చంక వచ్చేస్తుంది. ఆఖరున నిలువు మడత విప్పి, పై పొరను మాత్రం మధ్యలో నిలువునా చీలిస్తే ముందు భాగం తెరుచుకుంటుంది.

భుజం మీద కుట్టు లేదు, చేతిని విడిగా అతికే పని లేదు. జుబ్బా మొత్తానికి పెద్ద కుట్లు రెండే, చంక కింద అటొకటి, ఇటొకటి. మిగిలిందంతా అంచు మడిచి చేత్తో హెమ్మింగ్ చేయడమే. ఒంటి చుట్టు 18 అంగుళాలు, బిడ్డ ఛాతీ 13. మిగిలిన ఐదంగుళాలు ముందు భాగంలో ఒకదానిమీద ఒకటి పడతాయి. బిడ్డ ఒళ్లు చేసేకొద్దీ ఆ పొర తగ్గుతూ పోతుంది. బొత్తాం పెడితే ఈ వెసులుబాటు పోతుంది. చంక వంపులో కుట్టు పడ్డాక కత్తెర మొనతో కుట్టుకు తగలకుండా రెండు మూడు గాట్లు పెట్టడం మరవకూడదు. గాట్లు లేకపోతే బట్ట అక్కడ పట్టేసి, బిడ్డ చెయ్యి ఎత్తినప్పుడల్లా గుంజుకుంటుంది. మిషన్ మీద కుట్టేవాళ్లు 11 నంబరు సూది వాడాలి. రోజూ ఉండే 16 నంబరు సూది ఇంత పలచటి బట్టకు చిల్లులు వేస్తుంది.

అన్నిటికంటే తెలివైన సంగతి, కుట్టు బయటికి పెట్టడం. చేయి తిరిగినవాళ్లు నెలల బిడ్డ జుబ్బాకు కుట్టు మడతను ఒంటికి తగలనివ్వరు, బయటికి తిప్పి అణిచి కుడతారు. చూడటానికి తిరగేసి తొడిగినట్టు ఉంటుంది. ఉండనివ్వండి. రెడీమేడ్ గౌను ఒకదాన్ని తిరగేసి మీ బుగ్గకు రాసుకుంటే ఓవర్‌లాక్ దారం ఎంత గరుకో, మెడ దగ్గర లేబుల్ ఎలా గుచ్చుతుందో తెలుస్తుంది. దుకాణం బట్ట బయటినుంచి చూసేవాళ్ల కోసం తయారైంది. లోపల ఉన్న బిడ్డ ఏడిస్తే కడుపునొప్పి అనుకుని వాము నీళ్ల కోసం పరుగెత్తే ఇళ్లు ఎన్నో.

రెండు విషయాల్లో మాత్రం అవ్వల మాట కాదనాల్సిందే. జుబ్బాకు నాడాలు చంక పక్కన పొట్టిగా రెండు జతలు చాలు. మెడ దగ్గర వద్దు. తలకు పెట్టే కుల్లకు గడ్డం కింద కట్టే తాడు కూడా వద్దు. ఐరోపా దేశాల ప్రమాణం ఈఎన్ 14682 ప్రకారం ఏడేళ్లలోపు పిల్లల బట్టల్లో మెడ దగ్గర, బట్టకే కలిపి కుట్టిన టోపీకి తాళ్లు ఉండకూడదు. ఎక్కడో చిక్కుకుని మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టే ఆ నిబంధన. రెండోది ఆవాల దిండు. పసిబిడ్డకు దిండే అవసరం లేదని డాక్టర్లు చెబుతున్నారు కాబట్టి ఆ కుట్టు జోలికి నేను పోను.

మరి కుల్ల అసలు వద్దా? పుట్టిన బిడ్డకు పెద్దవాళ్లకంటే ఒకటి రెండు పొరలు ఎక్కువ వేయాలని, తలకు టోపీ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. అదే చోట చుట్టూ ఉన్న వేడినిబట్టి అని కూడా అంది. డిసెంబరు తెల్లవారుజామున మిర్యాలగూడలో కుల్ల, బొంత రెండూ కావాలి. మే నెల మధ్యాహ్నం అదే మిర్యాలగూడలో పలచటి జుబ్బా ఒక్కటి చాలు. బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే ఒక పొర తీసేయాలి, లేదంటే సాయంత్రానికి ఒళ్లంతా చెమటకాయలే.

నడక వచ్చిన ఆడపిల్లకు లంగా కుట్టడంతో అసలు చిక్కు మొదలవుతుంది. పసిపిల్లకు నడుమెక్కడిది? ఉన్నదంతా పొట్టే. బొందు బిగించి కడితే ఒంటిమీద వాత, వదులు చేస్తే నాలుగు అడుగులకే జారిపోయి కాళ్లకు అడ్డం. బాడీ లంగా పుట్టింది అందుకే. మెత్తటి తెల్లబట్టతో చేతుల్లేని బాడీ కుట్టి, లంగా కుచ్చులను దానికే కలిపేస్తారు. బరువంతా భుజాలు మోస్తాయి, పొట్టకు ఊపిరాడుతుంది. యోక్ పెట్టిన గౌనులోనూ ఇదే కిటుకు. కుచ్చులు సమంగా రావాలంటే మిషన్ మీద కుట్టు పొడవు పెంచి, పక్కపక్కనే రెండు వరసలు వేసి, రెండింటి బాబిన్ దారాలనూ కలిపి మెల్లగా లాగాలి. ఒక్క వరసతో లాగితే కుచ్చులు ఒకచోట గుంపు కడతాయి, ఇంకోచోట బోసిగా మిగులుతాయి.

ఇక ఎదుగుదల. బిడ్డ మొదటి ఏడాది సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండో ఏడాది అందులో సగం. ఆ తర్వాత ఏటా ఆరేడు సెంటీమీటర్లే. ఈ మూడు అంకెలూ చూస్తే ఏ వయసుకు ఎలా కుట్టాలో అర్థమవుతుంది. మొదటి ఏడాది బట్టలో ముందుచూపుకు చోటు లేదు, వదులుగా కుట్టి మూడు నెలలకోసారి కొత్తవి కుట్టుకోవాల్సిందే. రెండేళ్లు దాటాక పెరుగుదల నిలువుగా సాగుతుంది, ఛాతీ నెమ్మదిగా పెరుగుతుంది. అప్పుడు టక్కులు పనికొస్తాయి. లంగా అంచుకు పైన, లోపలి వైపు అంగుళం లోతున ఒక టక్కు వేస్తే రెండంగుళాల బట్ట దాగుతుంది. మూడు టక్కులు వేస్తే ఆరంగుళాలు. ఏటా బతుకమ్మకు ఒక టక్కు విప్పుకుంటూ పోతే మూడు పండుగలు ఒకే లంగాతో గడుస్తాయి. బాడీ పక్క కుట్ల దగ్గర అటూ ఇటూ అంగుళం చొప్పున ఖాళీ వదిలితే వెడల్పూ సరిపోతుంది. విప్పిన చోట పాత కుట్టు గీత, రంగు తేడా కనిపిస్తాయి. దానిమీద సన్నటి జరీ లేసు వేస్తే కొత్త డిజైన్ అనుకుంటారు.

జపాన్ వాళ్లు కూడా పిల్లల కిమోనోలకు భుజం మీద, నడుము దగ్గర ఇలాగే మడతలు వేసి కుట్టి, ఎదిగేకొద్దీ విప్పుతారు. ఎవరినుంచి ఎవరూ నేర్చుకుని ఉండరు. బట్ట ఖరీదు కావడమూ, బిడ్డ ఎదగడమూ ప్రతిచోటా ఒకటే కదా.

అమ్మమ్మ పట్టుచీరను లంగాలు చేయడం ఈ విద్యలో పెద్ద పరీక్ష. చీర పన్న 45 అంగుళాలు, రెండు వైపులా అంచులు. నిలువునా చీలిస్తే రెండు అంచులకు రెండు లంగాలు. సరిగ్గా మధ్యకు చీలిస్తే అక్కాచెల్లెళ్లిద్దరికీ ఇరవై రెండున్నర వస్తుంది, పెద్దదానికి పొట్టి, చిన్నదానికి పొడవు. అందుకే అక్కకు 27, చెల్లెకు 18 వచ్చేలా గీత గీస్తారు. అడ్డంగా ఒకటిన్నర మీటరు ఉంటే కుచ్చులకు చాలు. మొదట పాతబట్ట మీద కత్తిరించి చూసుకోకుండా పట్టుకు కత్తెర పెట్టే ధైర్యం మంచిది కాదు.

రోజువారీ గౌన్లకు మన పక్కనే పోచంపల్లి ఉంది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ ఇక్కత్ కాటన్‌లో పోగుకే రంగు వేసి నేస్తారు కాబట్టి బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మంచి వైపు, ఏది తిరగేసిన వైపు అనే తికమక ఉండదు. కుట్టే ముందు విడిగా ఉతికి రంగు వదులుతుందేమో చూసుకోవాలి. మెరిసే నైలాన్ గౌన్లు మాత్రం దీపావళికి వద్దే వద్దు. కాటన్‌కూ నిప్పు అంటుకుంటుంది, కానీ నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

తెలంగాణలో కుట్టుపని మేరవాళ్ల కులవృత్తి. మిషన్ ఇళ్లలోకి వచ్చాక ఆడవాళ్లూ నేర్చుకున్నారు. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టు మిషన్‌కు మినహాయింపు ఇచ్చారు, మనిషికి నిజంగా పనికొచ్చిన కొద్ది వస్తువుల్లో ఇదొకటని. 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాంలు రాష్ట్రమంతటా మహిళా సంఘాలవాళ్లు కుడుతున్నారు. ఆ కూలి ఎంతైనా అది చేతికొచ్చే డబ్బు. ఇంట్లో మనవరాలికి గౌను కుట్టిన చేతికి ఎవరూ కూలి కట్టరు. అందుకే దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టలేదు, నేర్పాల్సిన విద్యగా కూడా చూడలేదు. నా ఫిర్యాదు అదే.

అన్నీ ఇంట్లోనే కుట్టాలని నేననను. బనియన్లు, స్వెటర్లు కొనుక్కోవడమే మేలు. సూర్యాపేట అటు హైదరాబాదుకూ ఇటు విజయవాడకూ ఇంచుమించు 135 కిలోమీటర్లు, రెండు వైపుల నుంచీ రెడీమేడ్ సరుకు జాతీయ రహదారి మీద దిగుతూనే ఉంటుంది. పండుగకు ఒక జత కొనండి. మొదటి ఆరు నెలల జుబ్బాలు, మూడేళ్ల పిల్ల లంగా మాత్రం కొన్నవి ఇంట్లో కుట్టినవాటికి సాటి రావు.

పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు మెత్తటి కాటన్ చీర ఒకటి వాళ్లకివ్వకుండా దాచండి. ఒక చీరలో పాడైన చోట్లు వదిలేసినా పది పన్నెండు జుబ్బాలు వస్తాయి. బిడ్డ పుట్టకముందు బట్టలు కుట్టకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. చీరను వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, మడిచి పెట్టుకోవడానికి ఆ పట్టింపు అడ్డురాదు. కాన్పయిన రోజు సాయంత్రం రెండు కుట్లు వేసి అంచులు మడిస్తే మొదటి జుబ్బా తయారు.