ఫైర్ డ్రిల్: రిజిస్టరు కోసమా, ప్రాణాల కోసమా?

1948 నాటి కర్మాగారాల చట్టంలోని 38వ సెక్షన్‌ను ఒకసారి నిదానంగా చదవండి. అగ్నిప్రమాదం జరిగితే అందరూ బయటపడే సురక్షిత మార్గాలు ఉండాలని అది చెప్పింది. ఆ మార్గాలు కార్మికులందరికీ తెలిసి ఉండాలని, అప్పుడు ఏం చేయాలో వారికి తగిన శిక్షణ ఇవ్వాలని ఆ తరువాత చెప్పింది. 'అందరూ', 'శిక్షణ' అనే ఈ రెండు మాటల్లోనే ఆ సెక్షన్ సారమంతా ఉంది. నేను చూసిన ఫైర్ డ్రిల్లులలో లోపించినవీ అవే.

నేను పనిచేసిన ఒక సంస్థ కర్మాగారం కాదు గాని, అక్కడా ఏటా డ్రిల్ జరిగేది. తేదీ వారం ముందే సర్క్యులర్‌లో వచ్చేది. ఆ రోజు ఉదయం వెనుక మెట్ల తలుపు తాళం తీసేవారు. గంట మోగేసరికి అందరం సిద్ధంగా ఉండేవాళ్ళం. డ్రిల్ విజయవంతమైందని రిజిస్టరులో రాసేవారు. మర్నాడు ఆ తలుపుకు మళ్ళీ తాళం పడేది. ఆ రిజిస్టరులో సంతకం చేసినవారిలో నేనూ ఒకడిని.

తాళం వేసిన తలుపు ఖరీదు ఎంతో 1911 మార్చి 25న న్యూయార్క్‌లో తెలిసింది. ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే దుస్తుల కర్మాగారంలో 8వ అంతస్తులో మంటలు లేచాయి. 10వ అంతస్తుకు టెలిఫోనులో కబురు అందింది. అక్కడివారిలో దాదాపు అందరూ పైకప్పు మీదుగా బయటపడ్డారు. మధ్యలోని 9వ అంతస్తుకు కబురు అందలేదు. అక్కడ ఒక మెట్లదారి తలుపు తాళం వేసి ఉంది. మొత్తం 146 మంది మరణించారు. అందని కబురు, తెరుచుకోని తలుపు: నిజాయితీగా జరిపిన ఒక్క డ్రిల్ ఈ రెండు లోపాలనూ ముందే బయటపెట్టి ఉండేది.

ముందుగా చెప్పకపోతే జనం భయపడి తొక్కిసలాట జరుగుతుందని కొందరంటారు. ఈ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. కనుక తొలి డ్రిల్ చెప్పే జరపండి. తరువాతి వాటిలో ఒక మెట్లదారి పొగతో నిండిందనుకుని రెండవ దారిన నడిపించండి. రాత్రి షిఫ్టువారిని, కాంట్రాక్టు కార్మికులను, మెట్లు దిగలేనివారిని వదిలిపెట్టకండి. బయట చేరిన తరువాత తలలు లెక్కపెట్టండి. ఏ లోపమూ బయటపడని డ్రిల్‌ను విజయం అనుకోకండి. మనం సరిగా వెతకలేదని అర్థం.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నవారే. రేపు మీ పనిచోటు నుంచి రెండవ దారి దాకా నడిచి చూడండి. తలుపు తెరుచుకుందా? ఆ జవాబు తెలుసుకున్నాకే 38వ సెక్షన్‌పై వ్యాసం రాయండి.