రక్తం మానేసిన దోమ

అమెరికా, ఐరోపాల్లోని చలిప్రాంతాల్లో క్యూలెక్స్ పిపియన్స్ అనే దోమ ఉంది. గడ్డకట్టే చలికాలాన్ని అది నెలల తరబడి ఏమీ తినకుండా గడిపేస్తుంది. ఆ ఏర్పాటును దగ్గరగా చూస్తే పనితనమంటే ఇదీ అనిపిస్తుంది.

దోమ చలి ముదిరేదాకా ఆగదు. లార్వాగా, ప్యూపాగా నీళ్ళలో ఉండగానే పగళ్ళు కురచవుతున్నాయని పసిగడుతుంది. అలా పుట్టిన ఆడదోమలో జువెనైల్ హార్మోన్ ఊరదు, అండాశయం ఎదుగుదల ఆగిపోతుంది. గుడ్లే పెట్టనప్పుడు రక్తంతో పనేముంది? పూలతేనె తాగి ఒళ్ళంతా కొవ్వు పట్టిస్తుంది. ఓహియో స్టేట్ యూనివర్సిటీలో శాస్త్రవేత్త డెన్లింగర్ బృందం లోపలి కథ విప్పింది: ఇన్సులిన్ సంకేతాలు తగ్గుతాయి, రక్తం అరిగించే జన్యువులు మూగబోతాయి, కొవ్వు చేసేవి జోరందుకుంటాయి. జువెనైల్ హార్మోన్‌ను బయటినుంచి అందిస్తే ఆగిన అండాశయం మళ్ళీ ఎదుగుతుంది. కొత్త అవయవం ఒక్కటీ లేదు. ఒక తూము మూసి మరోటి తెరవడమే.

జతకట్టాక మగదోమలు చస్తాయి. ఆడవి మాత్రం కల్వర్టుల్లో, గుహల్లో, నేలమాళిగల్లో గోడల్ని అంటిపెట్టుకుంటాయి. మన దగ్గర బోదకాలు మోసే దాని దాయాది క్యూలెక్స్ క్వింక్విఫాసియాటస్‌కు ఈ విద్య లేదు. మన శీతాకాలానికి అంత అవసరమూ లేదు.

1999లో న్యూయార్క్‌లో దోమలు మోసే వెస్ట్ నైల్ వైరస్ జనాన్ని పట్టుకుంది. తర్వాత వచ్చిన చలికాలం గడవకముందే, 2000లో, పరిశోధకులు అక్కడ తలదాచుకున్న దోమల్ని సుమారు 2,300 పట్టి పరీక్షించారు. కొన్నింటిలో వైరస్ బతికే ఉంది. చిక్కు ఇక్కడే: రక్తం ముట్టని దోమకు పక్షుల రక్తంలో తిరిగే వైరస్ ఎలా అంటింది? ఒక దారి తల్లి గుడ్డు. వైరస్ సోకిన తల్లి కొద్దిపాటి పిల్లలకు దాన్ని అందిస్తుంది. అలా పుట్టుకతోనే సోకిన ఒక దోమ చలికాలపు నిద్ర ముగించుకుని కుట్టినప్పుడు ఎలుకలాంటి హ్యామ్‌స్టర్‌కు వైరస్ ఎక్కిందని కనెక్టికట్‌లో జరిగిన ప్రయోగం చూపింది.

చలిని ఓడించే ఉపాయమేదీ వైరస్ సొంతంగా కనిపెట్టలేదు. దోమ తనకోసం చేసుకున్న పొదుపే దానికీ సరిపోయింది. కాబట్టి నిద్ర లేచాక ఆ దోమ వేసే మొదటి కాటు కూడా ప్రమాదరహితమని అనుకోలేం.